ఐదు వారాల్లో 98 బొమ్మలు: డిప్‌లో ముంచి గట్టెక్కవచ్చా?

పర్లాకిమిడి_పాయికు | సెప్టెంబరు 4, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే గానీ రాసింది తక్కువ. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

దసరా సెలవుల చివరి ఆదివారం పలాస నుంచి మా బావమరిది, టెక్కలి నుంచి ఇద్దరు మిత్రులు మా ఇంటికి వస్తున్నారు. బల్ల మీద బొమ్మల సేనలు నిలబెట్టి, పాచికలు వేస్తూ ఆడే యుద్ధాల ఆట మాది. ఈసారి ఆడేది బొబ్బిలి యుద్ధం, 1757 జనవరి 24. కోటలో వాళ్లు, బయట నేను. అంటే బుస్సీ ఫ్రెంచి దళం, విజయరామరాజు విజయనగరం సేన నావి. కోటని బావమరిది థర్మోకోల్‌తో చేసేశాడు, ఫోటో కూడా పంపాడు. అప్పటి నుంచి నాకు టెన్షన్ మొదలైంది.

నా సేన మొత్తం 1/72 (అసలు కొలతలో 72వ వంతు) ప్లాస్టిక్ బొమ్మలు. ఫ్రెంచి పదాతి 54, జమీందారీ బంట్లు 28, రౌతులు 10, ఫిరంగులు 4, ఏనుగులు 2. వెరసి 98. వీటిలో రంగు పడినవి 11. ఆ 11కీ పట్టింది రెండేళ్లు. లెక్కల మాస్టార్ని కాబట్టి త్రైరాశికం వేసి చూశాను. ఈ వేగంతో మిగిలిన 87 పూర్తయ్యేసరికి నేను రిటైరైపోతాను.

బొమ్మని వార్నిష్ డబ్బాలో ముంచి తీస్తే నీడలు వాటంతట అవే పడతాయని విన్నాను. నిజమేనా? లేక సబ్బుబిళ్ల ప్రకటన లాంటిదా? చేసినవాళ్లు చెప్పండి.


దెగ్లూరు_డైస్ | సెప్టెంబరు 4, రాత్రి 9:52

మాస్టారూ, రెండేళ్లకి 11 అంటే మీరు బొమ్మలకి రంగులు వేయలేదు, కనుబొమ్మలు దిద్దారు.


బల్లార్షా_బొగ్గు | సెప్టెంబరు 4, రాత్రి 11:15

నిజమే మాస్టారూ. నేను ఆరేళ్లలో మూడు సేనలు డిప్‌తోనే ముగించాను. ఒకటి వార్‌హామర్ అనే ఆటలోని ఆర్కు రాక్షసులు, 120 పైనే. షిఫ్టు డ్యూటీలో ఉన్నవాడికి ఇంతకన్నా దారి లేదు. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదవండి.

డిప్ అంటే లేత గోధుమ నుంచి నలుపు దాకా ఏదో ఒక రంగు కలిసిన పాలీయురేథేన్ వార్నిష్. పలచగా ఉంటుంది కాబట్టి బట్ట మడతల్లోకి, వేళ్ల సందుల్లోకి, పక్కటెముకల మధ్యకి జారుతుంది. ఎత్తుగా ఉన్న చోట దాదాపు ఏమీ నిలవదు. అందుకే పల్లం ముదురుగా, మిట్ట లేతగా కనిపిస్తుంది. పైగా ఆరాక గట్టి పెంకు కడుతుంది. పిల్లలు పట్టుకున్నా, పెట్టెలో దొర్లినా రంగు ఊడదు. మెత్తటి ప్లాస్టిక్ బొమ్మలకి ఆ పెంకే పెద్ద లాభం. మీవి 1/72 అన్నారు, తుపాకీ కొంచెం వంగితే చాలు, రంగు పొలుసులుగా లేస్తుంది కదా.

అసలు ఇది ఎవరో చిత్రకారుడు కనిపెట్టింది కాదు. అమెరికాలో సేనలు ఆడేవాళ్లు కుర్చీలకి వేసే మిన్‌వాక్స్ పాలీషేడ్స్ డబ్బాలో బొమ్మల్ని ముంచి చూశారు. తర్వాత డెన్మార్క్‌కి చెందిన ఆర్మీ పెయింటర్ ప్రత్యేకంగా క్విక్‌షేడ్ అని డబ్బాలు తెచ్చింది. సాఫ్ట్ టోన్, స్ట్రాంగ్ టోన్, డార్క్ టోన్ అని మూడు. మొదటిది లేత గోధుమ, రెండోది ముదురు గోధుమ, మూడోది నలుపు వైపు.

చేసే పద్ధతి ఇది. బొమ్మల్ని గిన్నెలు తోమే సబ్బుతో కడిగి ఆరబెట్టండి. అచ్చులోంచి తీసేటప్పటి నూనె ఉంటే ఏ రంగూ పట్టదు. ప్రైమర్, అంటే రంగు పట్టడానికి ముందు వేసే పూత, వేయండి. ఆపైన అక్రిలిక్ రంగులు, ఒక్కో భాగానికి ఒక్క రంగు, అంతే. కోటుకి కోటు రంగు, చర్మానికి చర్మం రంగు, బూటుకి బూటు రంగు. నీడలు వద్దు, మెరుపులు వద్దు. కానీ గీతలు మాత్రం శుభ్రంగా ఉండాలి. డిప్ నీడ వేస్తుంది గానీ తప్పు దిద్దదు. చర్మం రంగు కాలరు మీదికి పాకితే డిప్ తర్వాత కూడా పాకే ఉంటుంది.

ఇంకో మాట, మీరు అనుకున్న దానికన్నా రెండు మెట్లు లేత రంగు వేయండి. డిప్ అంతా ముదురు చేస్తుంది. మొదటిసారి నేను ఇది వినలేదు. ఎర్ర కోటు వాళ్లు ఎండిన మిరపకాయలయ్యారు.

రంగు పూర్తిగా ఆరాక, అంటే ఒక రాత్రి గడిచాక, అడుగున పట్టకారుతో పట్టుకుని ముంచండి. తీయండి. ఇప్పుడే అసలు పని. జాడించాలి. గట్టిగా, చేతిని మణికట్టు దగ్గర విదిలించి, నాలుగైదు సార్లు. సగం మందికి డిప్ కుదరకపోవడానికి కారణం జాడించకపోవడమే. తర్వాత పది నిమిషాలు ఆగి, ఒక పాత బ్రష్‌తో గడ్డం కింద, కాళ్ల మధ్య, చంకల్లో నిలిచిన బొట్లు పీల్చేయండి. ఇరవై నాలుగు గంటలు ముట్టుకోకండి.

చివరికి బొమ్మ రసగుల్లాలా మెరుస్తుంది. భయపడకండి, మ్యాట్ వార్నిష్ కొడితే ఆ మెరుపు పోతుంది.


బరంపురం_బ్రష్ | సెప్టెంబరు 5, ఉదయం 6:30

క్షమించాలి, నేను ఒప్పుకోను. డిప్ చేసిన సేనలు చాలా చూశాను. అన్నీ ఒకే బురదగుంటలోంచి లేచి వచ్చినట్టుంటాయి. ఎరుపైనా నీలమైనా దాని మీద అదే గోధుమ నీడ. నీలానికి నీడ ముదురు నీలం, పసుపుకి నీడ నారింజ. అన్నిటికీ ఒకే కషాయం పట్టిస్తే ఎలా?

వెడల్పాటి నున్నటి చోట ఇంకా ఘోరం. గుర్రం తొడ, అంగీ వీపు, జెండా, ఇలాంటి చోట్ల డిప్ సమంగా నిలవదు. టీ ఒలికి ఆరిన చోట చుట్టూ గీత ఎలా మిగులుతుందో అలాంటి మరకలు కడుతుంది.

మాస్టారు ఆ 11 బొమ్మలూ రెండేళ్లు వేశారంటే చేతిలో ఓపిక ఉన్నట్టే. దాన్ని డబ్బాలో ముంచేయమని సలహా ఇవ్వడం నాకు నచ్చలేదు.


దెగ్లూరు_డైస్ | సెప్టెంబరు 5, ఉదయం 7:05

ఓపిక ఉంది బ్రష్ గారూ, లేనిది అక్టోబరే.


బల్లార్షా_బొగ్గు | సెప్టెంబరు 5, మధ్యాహ్నం 2:20

బ్రష్ అన్న చెప్పిన మరకల సంగతి నిజమే, కాదనను. ట్యాంకులకి, విమానాలకి డిప్ వేస్తే మస్తు చెడిపోతాయి. కానీ మాస్టారి దగ్గర ఉన్నవి ఏమిటి? మడతల ధోవతులు, ఒంటి మీద చొక్కా లేని బంట్లు, ముడతల ఏనుగులు. డిప్ కోసమే పుట్టినట్టున్నాయి. ఇక బురద అంటారా, ఆ బొమ్మని కంటి దగ్గర పెట్టుకుని చూస్తే బురదే. బల్ల ఇవతల నిలబడి, మూడడుగుల దూరం నుంచి 98 కలిపి చూడండి. అప్పుడు మాట్లాడదాం.


పర్లాకిమిడి_పాయికు | సెప్టెంబరు 5, రాత్రి 8:30

ఇద్దరికీ ధన్యవాదాలు. బ్రష్ గారి మాట గుచ్చుకుంది గానీ, బావమరిది థర్మోకోల్ కోట అంతకన్నా ఎక్కువ గుచ్చుకుంటోంది. డిప్‌కే మొగ్గుతున్నాను.

చిక్కు ఏమిటంటే ఆ క్విక్‌షేడ్ డబ్బా తెప్పించుకునే టైమ్ లేదు. మా ఊరి హార్డ్‌వేర్ షాపులో అడిగితే "చెక్కకి వేసే పీయూ (పాలీయురేథేన్) ఉంది, దానికి థిన్నరు ఉంది, రెండూ పట్టుకెళ్లండి" అన్నాడు. తీసుకోమంటారా?


జయపురం_రంపం | సెప్టెంబరు 5, రాత్రి 8:41

వద్దు. ఆగండి. రేపు రాస్తాను, ఈలోగా ఏదీ కొనకండి.


జయపురం_రంపం | సెప్టెంబరు 6, ఉదయం 10:10

మాస్టారూ, మాది మూడు తరాల వడ్రంగం. జయపురంలో ఫర్నిచర్ పని. బొమ్మల గురించి మా అబ్బాయికి తెలిసినంత నాకు తెలీదు గానీ, వార్నిష్ గురించి చెప్పగలను.

షాపులో పీయూ అంటే ఇచ్చేది చాలాసార్లు రెండు డబ్బాల సరుకు. ఒకటి వార్నిష్, ఒకటి హార్డెనర్. కలిపాక కొన్ని గంటల్లో వాడేయాలి, లేకపోతే డబ్బాలోనే గట్టిపడుతుంది. 98 బొమ్మలు ముంచేవాడికి అది పనికిరాదు. దాని థిన్నరు కూడా ఘాటైనది. ఇక ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నరు జోలికైతే అసలు పోకండి. గట్టి ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది, అక్రిలిక్ రంగుని లేపేస్తుంది. మా అబ్బాయి ఒకసారి దాంతో బొమ్మ బ్రష్ కడిగి, అదే బ్రష్‌తో బొమ్మని ముట్టుకున్నాడు. ముక్కు పోయింది, బొమ్మది.

మీకు కావలసింది ఒకే డబ్బాలో వచ్చే నూనె వార్నిష్. తలుపులకి, కిటికీలకి వేసే సింథటిక్ క్లియర్ వార్నిష్. డబ్బా మీద పలచన చేయడానికి మినరల్ టర్పెంటైన్ అని ఉండాలి. అదే గుర్తు. టర్పెంటైన్ ఆరిన అక్రిలిక్ జోలికి పోదు. కానీ ఎనామిల్ రంగులతో వేసి ఉంటే వాటిని కదిలిస్తుంది, అది చూసుకోండి.

రంగు కోసం బ్లాక్ జపాన్ కలపండి. ఇనుప కటకటాలకి వేసే నల్లటి తారు వార్నిష్, ఏ రంగుల షాపులోనైనా దొరుకుతుంది. పలచగా వేస్తే అది నలుపు కాదు, కాఫీ డికాషన్ రంగు. మేం టేకు కాని చెక్కని టేకులా చూపించడానికి వాడేది అదే (ఈ మాట ఇక్కడితో వదిలేయండి). పది గరిటెల వార్నిష్‌కి ఒక గరిటె బ్లాక్ జపాన్, ఒక గరిటె టర్పెంటైన్. ముందు పాడైన బొమ్మ మీద వేసి చూడండి. చాలకపోతే ఇంకాస్త. కలిపేటప్పుడు పుల్లతో నెమ్మదిగా తిప్పండి. డబ్బా గిలకొడితే నురగ వస్తుంది, ఆ బుడగలు బొమ్మ ముఖం మీద అలాగే ఆరతాయి.

ముఖ్యమైనది చివర చెబుతున్నాను. తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. నూనె వార్నిష్ ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ దానంతట అదే అంటుకుంటుంది. విప్పి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో పడేయండి. దేవుడి దీపం ఉన్న గదిలో ఈ పని పెట్టుకోకండి.


గుణుపురం_గోరింట | సెప్టెంబరు 6, మధ్యాహ్నం 1:15

నమస్తే అన్నలూ, బాబాయిలూ. నేను ఇంజనీరింగ్ మూడో ఏడు, ఇక్కడ కొత్త. ఇంత వార్నిష్ గొడవ ఎందుకు? ఇప్పుడు కాంట్రాస్ట్, స్పీడ్‌పెయింట్ అనే రంగులు ఉన్నాయి కదా. తెల్ల ప్రైమర్ మీద ఒక్క పూత వేస్తే రంగూ నీడా రెండూ వస్తాయి. నా స్కెలిటన్లు పది, ఒక ఆదివారంలో అయిపోయాయి.


బరంపురం_బ్రష్ | సెప్టెంబరు 6, సాయంత్రం 5:50

మంచి ప్రశ్న అమ్మా. వార్‌హామర్ తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ కాంట్రాస్ట్ తెచ్చింది 2019లో, ఆర్మీ పెయింటర్ స్పీడ్‌పెయింట్ తెచ్చింది 2022లో. డిప్ చేసే పనిని అవి రంగులోనే కలిపేశాయి. నేను ఇందాక అన్న ఒకే కషాయం సమస్య వాటిలో లేదు, ఎందుకంటే నీలానికి నీలం నీడే వస్తుంది. కానీ ఒక్కో రంగుకి ఒక్కో సీసా కొనాలి. మాస్టారి సేనకి కనీసం పది సీసాలు అవుతాయి. ఆయన దగ్గర ఇప్పటికే ఫెవిక్రిల్ సీసాలు ఇంటినిండా ఉండి ఉంటాయి.

స్పీడ్‌పెయింట్ మొదటి విడతలో ఇంకో చిక్కు ఉండేది. పైన తడి రంగు వేస్తే కింద ఆరింది మళ్లీ కరిగి పైకి వచ్చేది. తర్వాతి విడతలో సరిచేశారు.

డిప్‌కి మధ్యేమార్గం ఒకటి ఉంది మాస్టారూ. నీళ్ల వాష్. అక్రిలిక్ మీడియంలో (రంగు లేని అక్రిలిక్ ద్రవం) బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ, కొంచెం నలుపు, నీళ్లు కలిపి బ్రష్‌తో పూసేయడమే. గంటలో ఆరుతుంది, వాసన లేదు, గుడ్డలు అంటుకోవు. పెంకు మాత్రం రాదు.


పర్లాకిమిడి_పాయికు | సెప్టెంబరు 15, రాత్రి 10:05

పది రోజులు కనబడలేదు, రంగులు వేస్తున్నాను. రంపం గారు చెప్పిన సరుకే కొన్నాను. 87కీ బేస్ రంగులు అయిపోయాయి! ఒక్కో రంగు తీసుకుని అన్ని బొమ్మలకీ వరసగా వేశాను. మొదటి రోజు అన్నీ చర్మం, రెండో రోజు అన్నీ ధోవతులు, ఇలా. స్కూల్లో జవాబు పత్రాలు దిద్దే పద్ధతి. ముందు అందరి మొదటి ప్రశ్న, తర్వాత అందరి రెండో ప్రశ్న. ఇన్నాళ్లూ బొమ్మలకి ఎందుకు తోచలేదో.

ఈ రోజు ముంచాను. రెండు వార్తలు.

మంచి వార్త, చొక్కా లేని బంట్లు. రంపం గారూ, బల్లార్షా అన్నా, మీకు దండం. భుజాలు, కడుపు, వెన్ను గాడి, అన్నీ లేచి వచ్చాయి. ఆ 11 బొమ్మల్లో ఒక్కదానికి కూడా నేను ఇలాంటి వీపు వేయలేదు.

చెడ్డ వార్త, ఫ్రెంచివాళ్లు. తెల్ల కోట్లు కాస్తా టీలో ముంచిన రస్కుల్లా తయారయ్యాయి. ఇంకోటి కూడా. పెరట్లో నిలబడి మణికట్టుతో గట్టిగా జాడించాను, చెప్పినట్టే. మాది అద్దె ఇల్లు. దసరాకని ఇంటివారు ప్రహరీకి పోయిన వారమే సున్నం వేయించారు. ఇప్పుడు దాని మీద ఆరడుగుల మేర చిరుతపులి మచ్చలు. పొద్దున్న ఆయన చూసే లోపు ఏం చేయాలి?


దెగ్లూరు_డైస్ | సెప్టెంబరు 15, రాత్రి 10:09

గోడకి నీడలు బాగా కుదిరాయా?


జయపురం_రంపం | సెప్టెంబరు 15, రాత్రి 10:30

తుడవకండి, పాకుతుంది. పూర్తిగా ఆరనిచ్చి గీకి, దాని మీద ఒక చేయి చపడా (లక్క పాలిష్) వేసి, అప్పుడు సున్నం వేయండి. నేరుగా సున్నం కొడితే తారు మరక మళ్లీ పైకి వస్తుంది. ఇంటివారికి ముందే చెప్పేయడం మేలు.


బల్లార్షా_బొగ్గు | సెప్టెంబరు 15, రాత్రి 11:40

తప్పు నాది మాస్టారూ, చెప్పడం మరిచాను. నేను పాత అట్టపెట్టెలో చేయిపెట్టి జాడిస్తాను. మా ఇంట్లో ఆ పెట్టెని చూసినవాళ్లు ఇదేదో కళాఖండం అంటారు.

అసలు తెలుపు ఉన్న బొమ్మని ముంచకూడదు. బ్రష్‌తో పూయాలి, అది కూడా మడతల్లోనే. పైన పడితే వెంటనే టర్పెంటైన్ తడి బ్రష్‌తో తుడిచేయాలి. లేదా తెలుపుకి బదులు లేత బూడిద రంగు వేసి నల్ల డిప్ వాడాలి. గోధుమ డిప్ తెలుపు మీద పడితే పసుపే.


బరంపురం_బ్రష్ | సెప్టెంబరు 16, ఉదయం 6:15

చరిత్ర ప్రకారం చూస్తే ఆ రస్కు రంగే నిజానికి దగ్గర మాస్టారూ. ఆ కాలం ఫ్రెంచి కోటు తళతళలాడే తెలుపు కాదు, రంగు వేయని ఉన్ని, బూడిద కలిసిన తెలుపు. అది తొడుక్కుని దుమ్ములో రోజుల తరబడి నడిచారు. జనవరిలో బొబ్బిలి చేరేసరికి ఎవరి కోటు తెల్లగా ఉంటుంది?

అయినా సరిచేయాలంటే ఒక పని చేయండి. డిప్ బాగా ఆరాక, దాని మీద మళ్లీ అక్రిలిక్ వేయవచ్చు. మీగడ రంగులో కొంచెం తెలుపు కలిపి, మడత అంచు మీద, భుజం మీద, టోపీ అంచు మీద ఒక్కొక్క గీత లాగండి. మొత్తం పూయకండి, గీతే. బొమ్మకి ఒక నిమిషం. నీడ పని ఎలాగూ డిప్ చేసేసింది. మెరుపు మీది. ధోవతులకీ ఇదే.

పట్టచిత్రాల మీద చివర్లో లక్క పూత వేస్తారు కదా, దాని మీద మాత్రం ఎవరూ మళ్లీ గీయరు. కానీ ఇది బొమ్మ, ఆటలోది. పరవాలేదు. (నేను డిప్‌ని సమర్థిస్తున్నానని ఎవరూ అనుకోవద్దు.)


బల్లార్షా_బొగ్గు | సెప్టెంబరు 16, ఉదయం 8:00

ఎవరూ అనుకోలేదు బ్రష్ అన్నా 😀


పర్లాకిమిడి_పాయికు | సెప్టెంబరు 19, రాత్రి 9:20

నాలుగు రోజులైంది. వాన వదలడం లేదు. బొమ్మలు ఇంకా జిగటగా ఉన్నాయి. ముట్టుకుంటే వేలిముద్ర పడుతోంది. ఒక రౌతు మీద దోమ వాలింది, ఇక లేవలేదు. ఏనుగులైతే పనసతొనలు ఒలిచిన చేతుల్లా ఉన్నాయి.


జయపురం_రంపం | సెప్టెంబరు 19, రాత్రి 9:45

బ్లాక్ జపాన్ ఎంత వేశారు, నిజం చెప్పండి.


పర్లాకిమిడి_పాయికు | సెప్టెంబరు 19, రాత్రి 9:48

మొదట ఒక గరిటె. ఏనుగులకి, రౌతులకి ముదురుగా ఉంటే బాగుంటుందని ఇంకో రెండు.


జయపురం_రంపం | సెప్టెంబరు 19, రాత్రి 10:15

అదీ సంగతి. తారు ఎక్కువైతే ఆరడానికి చాలా ఆలస్యమవుతుంది, అది తనంతట తాను గట్టిపడే సరుకు కాదు. దానికి తోడు వాన చలి. నూనె వార్నిష్ ఆరేది గాలిలోని ఆక్సిజన్‌తో. మూత బిగించిన పెట్టెలో పెట్టినా ఆరదు, తేమలో పెట్టినా ఆరదు. వెచ్చటి గాలి ఆడాలి.

ఒక పెద్ద అట్టపెట్టె తీసుకుని పక్కలకి రంధ్రాలు చేయండి. పైనుంచి పాత పద్ధతి బల్బు, నలభై వాట్లది, వేలాడదీయండి. అట్టకి గానీ బొమ్మకి గానీ జానెడు దూరం ఉండాలి. ముందు ఒక రోజు బయట గాలికి ఉంచి టర్పెంటైన్ వాసన పోయాకే పెట్టెలో పెట్టండి, ఇంట్లో మీరు మేలుకుని ఉన్నప్పుడే వెలిగించండి. కోడిపిల్లలకి పెట్టినట్టు. రెండు మూడు రోజుల్లో లొంగుతాయి. ఏనుగులకి ఇంకా ఎక్కువ పట్టవచ్చు.


బల్లార్షా_బొగ్గు | సెప్టెంబరు 19, రాత్రి 11:30

మాకు దీనికి పూర్తిగా తిరగబడిన బాధ. మే నెలలో చంద్రపూర్ వైపు 47 డిగ్రీలు దాటుతుంది. డిప్ మధ్యాహ్నానికే ఆరిపోతుంది గానీ, ప్రైమర్ స్ప్రే కొడితే బొమ్మని చేరే లోపే గాలిలో ఎండి పొడి అవుతుంది. బొమ్మ గరుకు కాగితంలా తయారవుతుంది. అందుకే నేను ఎండాకాలం స్ప్రే పని తెల్లవారుజామున ఐదింటికి చేస్తాను. పాలవాడు నన్ను ఏమనుకుంటాడో ఏమో.


గుణుపురం_గోరింట | సెప్టెంబరు 27, సాయంత్రం 6:40

మాస్టారూ, ఏమయ్యాయి? నేను కూడా ఒక 3డీ ప్రింట్ ఏనుగుకి మీ మిక్స్ వేద్దామని ఆగి చూస్తున్నాను.


పర్లాకిమిడి_పాయికు | సెప్టెంబరు 28, ఉదయం 11:00

అమ్మా, బల్బు పెట్టె పనిచేసింది. పదాతి అంతా గట్టిపడింది, గోరుతో నొక్కినా దిగడం లేదు. ఏనుగులు మాత్రం నిన్నటికి లొంగాయి.

కానీ కొత్త గొడవ. నిన్న వాన తగ్గింది కదా అని మ్యాట్ స్ప్రే కొట్టాను. పది నిమిషాల్లో ఇరవై బొమ్మల మీద తెల్లటి బూజు లాంటి పొర. విభూతి పూసుకున్నట్టున్నారు అందరూ. గుండె జారిపోయింది. మిగిలినవాటిని ముట్టుకోలేదు.


బరంపురం_బ్రష్ | సెప్టెంబరు 28, ఉదయం 11:25

వాన తగ్గితే తేమ తగ్గినట్టు కాదు మాస్టారూ. గోపాలపూర్ సముద్రపు గాలి పీల్చే మాకు ఇది బాగా అలవాటు. స్ప్రే ఆవిరయ్యేటప్పుడు చల్లబడుతుంది, గాలిలోని తేమ పొర మీద చేరి తెల్లబడుతుంది. బొమ్మలు పాడవలేదు, కంగారుపడకండి. పొడి రోజు చూసి, వాటి మీద పలచగా గ్లాసీ (మెరిసే) వార్నిష్ బ్రష్‌తో వేయండి. చాలావరకు ఆ తెలుపు మాయమవుతుంది. ఆరాక మళ్లీ మ్యాట్. ఈసారి డబ్బాని బాగా గిలకొట్టి, దూరం నుంచి, పొడి పొడిగా, రెండు విడతలుగా.

మిగిలినవాటికి స్ప్రే మానేసి నీళ్ల మ్యాట్ వార్నిష్ బ్రష్‌తో పూయండి. తేమలో అదే క్షేమం. కత్తులకి, తుపాకీ గొట్టాలకి మాత్రం మ్యాట్ వేశాక మళ్లీ కొంచెం వెండి రంగు తగిలించాలి, లేకపోతే లోహం కాస్తా సీసంలా చచ్చిపోతుంది.

అడుగున ఇసుక, గడ్డి అంటించే పని అంతా అయ్యాకే. ముందు అంటిస్తే డిప్ అంతా ఇసుకే తాగేస్తుంది.


జయపురం_రంపం | సెప్టెంబరు 28, మధ్యాహ్నం 12:10

గుణుపురం అమ్మాయికి: నీ ఏనుగు రెజిన్ అయితే ముందు బాగా కడిగి, పూర్తిగా క్యూర్ చేసి (యూవీ వెలుగులో గట్టిపరచి), ప్రైమర్ వేశాకే ముంచు. ఒక గరిటే వేయి. మాస్టార్ని చూశావుగా.


పర్లాకిమిడి_పాయికు | అక్టోబరు 14, రాత్రి 10:30

ఆట అయిపోయింది. వరసగా చెబుతాను.

98కి 98 బల్ల మీద ఉన్నాయి. విభూతి పడ్డ ఇరవైలో పదిహేడు గ్లాసీ పూతతో మామూలైపోయాయి. మూడింటికి కొంచెం మిగిలింది, వాళ్లని వెనక వరసలో నిలబెట్టాను. ఫ్రెంచివాళ్ల భుజాల మీద బ్రష్ గారు చెప్పిన మీగడ గీత వేశాను. 54 మందికి రెండు సాయంత్రాలు. రస్కు పోయింది, దుమ్ముకొట్టిన కోటు మిగిలింది. బావమరిది చూడగానే "ఇవన్నీ ఎవరిచేత వేయించావు?" అన్నాడు. అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఆయన దగ్గర ఉండదు.

తమాషా ఏమిటంటే, నా పాత 11 బొమ్మల్ని కూడా వీటి మధ్య నిలబెట్టాను. రెండేళ్లు వేసినవి. మూడడుగుల దూరం నుంచి చూస్తే అవే వెలిసిపోయినట్టున్నాయి. దగ్గరికి తీసుకుంటే కనుపాప కూడా కనిపిస్తుంది, దూరానికి ముఖమే కనబడదు. ఆట మధ్యలో మా అబ్బాయి ఆ 11లో రెంటిని కింద పడేశాడు, తుపాకుల మీద రంగు లేచింది. డిప్ వేసినవి నాలుగు పడ్డాయి, ఏమీ కాలేదు.

బ్రష్ గారికి ఒక విన్నపం. గుర్రాలకి డిప్ గురించి మీరన్నదే నిజం. పది రౌతుల్లో నాలుగు గుర్రాల తొడల మీద ఆ టీ గీతలు పడ్డాయి. వాటిని సంక్రాంతి లోపు నిదానంగా మీ పద్ధతిలో వేసుకుంటాను.

కోట పడింది. రాత్రి పదింటికి, చరిత్రలో లాగానే, తాండ్ర పాపారాయుడి బొమ్మ నా విజయరామరాజు గుడారంలోకి దూరి ఆయన్ని చంపేసింది. బావమరిది నాలుగు పాచికలు వేస్తే మూడు ఆరులు. గుడారానికి కాపలా పెట్టింది ఆ విభూతి ముగ్గుర్నే.


దెగ్లూరు_డైస్ | అక్టోబరు 14, రాత్రి 10:34

పాచికల్ని కూడా డిప్ చేయాల్సింది.


బరంపురం_బ్రష్ | అక్టోబరు 15, ఉదయం 6:20

ఏనుగుల ఫోటో దగ్గర నుంచి తీసి పెట్టండి మాస్టారూ. దూరం నుంచి తీసినది చూశాను. చెవుల వెనక ముడతలు ఎలా వచ్చాయో చూడాలి. ఊరికే, తెలుసుకుందామని.


బల్లార్షా_బొగ్గు | అక్టోబరు 15, ఉదయం 8:45

గోడ సంగతి చెప్పలేదు మాస్టారూ.


పర్లాకిమిడి_పాయికు | అక్టోబరు 15, రాత్రి 9:00

రంపం గారి మాట విని ఇంటివారికి ముందే చెప్పాను. చపడా, సున్నం ఖర్చు నాదే. మనిషి వచ్చి ఒక పూటలో చేసి వెళ్లాడు. ఆరడుగులకి బదులు మొత్తం గోడకి వేయించాల్సి వచ్చింది, లేకపోతే ఆ ముక్క ఒక్కటే కొత్తగా కనబడుతుందన్నారు.

మిగిలిన డిప్ సీసాలో పోశాను. పైన మీగడ కట్టకుండా ఏం చేయాలి?


జయపురం_రంపం | అక్టోబరు 15, రాత్రి 9:25

సీసాలో గాలి లేకుండా చూడాలి. కడిగి ఆరబెట్టిన గోళీలు వేస్తూ పోండి, మట్టం మూత దాకా వచ్చేవరకు. మూత బిగించి తలకిందులుగా పెట్టండి. అయినా మీగడ కడితే చీల్చి తీసేయండి, కలపకండి. పాత మేజోడుతో వడకట్టి వాడుకోవచ్చు.


గుణుపురం_గోరింట | అక్టోబరు 17, సాయంత్రం 7:10

ఒకే గరిటె బాబాయ్. ఏనుగు మూడో రోజు బల్బు కింద ఉంది. ఇక్కడ మళ్లీ వాన మొదలైంది. తొండం కొన దగ్గర ఒక బొట్టు నిలిచిపోయింది, పీల్చడం మరిచాను. ఇప్పుడు అది గట్టిపడింది. జలుబు చేసినట్టుంది పాపం. బ్లేడుతో చెక్కేయనా, అలా వదిలేయనా?


దెగ్లూరు_డైస్ | అక్టోబరు 17, సాయంత్రం 7:12

వదిలెయ్ చెల్లెమ్మా. వానాకాలం ఏనుగు.